ఎత్తెక్కేటప్పుడు వచ్చే టకటక

మా ఆయన మోటారు కొన్న రోజుల్లో బరంపురం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. పెద్ద బజారులో మాకు పట్టుబట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంట్లో ఉండేది ముగ్గురమే: అత్తగారు, ఆయన, నేను. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. పెళ్లయి చాలా ఏళ్లయినా నాకు అప్పటికి పిల్లలు లేరు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ బండి చప్పుడుతో నేను పడిన అవస్థంతా దాని చుట్టూనే తిరిగింది.

ఛత్రపురంలో ఉద్యోగం చేసి సీమకు వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఆయన ఆ బండి కొన్నారు. పైన మడతపెట్టే గుడ్డ కప్పు. వాన వస్తే రెండు పక్కలా తగిలించుకోవడానికి తెరలు, తెరల్లో చిన్న అభ్రకం కిటికీలు. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితేగాని ఇంజను లేచేది కాదు. బస్సు నడిపే ఒకతని దగ్గర ఆయన నడపడం నేర్చుకున్నారు. చికిటి, దిగపహండి, ఆస్కా దుకాణాలకు బట్టల మూటలు తనే వేసుకెళ్లి ఇచ్చి వచ్చేవారు. ఎడ్లబండి మీద రెండు రోజుల పని పొద్దున వెళ్లి సాయంత్రానికి అయిపోయేది. మా వీధిలో అంతవరకు మోటారు ఎవరికీ లేదు. ఆయన నడకే మారిపోయింది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన దుకాణం తీయకుండా వాకిట్లోనే నిలబడి నన్ను పిలిచారు.

"ఇంజనులో ఏదో కొట్టుకుంటంది. నువ్వోసారి కూకో, ఇందువు గాని."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బజారు చివరిదాకా తీసుకెళ్లారు. బండి ఊరికే నిలబడి ఉంటే ఏమీ లేదు. కాలికింది మీట నొక్కి వేగం పెంచేసరికి గోడ మీద బల్లి పలికినట్టు టక టక టక. మీట వదిలేస్తే ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ వచ్చింది.

"ఇన్నావా?"

"విన్నాను."

"ఏటది?"

"నాకేటి తెలుస్తాది?"

ఈ నాలుగు మాటలూ ఆ తర్వాత మా ఇంట్లో రోజూ నడిచాయి. ఆయన భోజనం చేస్తూ చేస్తూ వేలితో పీట మీద కొట్టి, "ఇలాగుందా, ఇంకా సన్నంగా ఉందా?" అని అడిగేవారు. బేరానికి వచ్చిన వాళ్ల ముందు చీర విప్పి, వీధిలో వెళ్లే బస్సు చప్పుడు వింటూ ఉండిపోయేవారు. అన్ని బండ్లూ టకటకలాడకుండా పోతున్నాయి, మాది తప్ప.

ముందు బస్సులు నిలిచే చోట పనిచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు చెవులు గింగురుమనేలా కొట్టుకున్న ఇంజను, మేస్త్రీ షెడ్డు చేరేసరికి వేడెక్కి పిల్లిలా అయిపోయింది. మేస్త్రీ చెవి పెట్టి విని, "ఏటి బాబూ, బాగానే ఉంది కదా" అన్నాడు. ఆయన ఇంటికి వచ్చి కుర్చీ మీద తువ్వాలు విసిరికొట్టారు. మర్నాడు మేస్త్రీనే మా ఇంటికి పిలిపించి, చల్లటి ఇంజను లేపి వినిపించారు. ఈసారి మేస్త్రీ తల ఊపి, లోపల వాల్వులను లేపే కడ్డీలు వదులయ్యాయని, బిగిస్తే పోతుందని చెప్పాడు. బిగించాడు. ఆ పూట తగ్గినట్టే అనిపించింది. రెండో పూటకు యథాప్రకారం.

ఆ తర్వాత ఆయన తానే మొదలుపెట్టారు. స్టీరింగు కింద, ఇంజనులో నిప్పురవ్వ పడే వేళను ముందుకూ వెనక్కీ జరిపే చిన్న మీట ఒకటుంటుంది. దాన్ని అటు జరిపి చూశారు, ఇటు జరిపి చూశారు. పెట్రోలు మార్చి చూశారు. ప్లగ్గులు విప్పి, తుడిచి, మళ్లీ పెట్టారు. ఆయన చొక్కాల మీద నూనె మరకలు వదిలించలేక చాకలి నన్ను చూసి మొహం చిట్లించేది. మద్రాసులో బండ్లమ్మే కంపెనీకి ఉత్తరాలు రాశారు. వాళ్లు కొత్త బండి బొమ్మలున్న పుస్తకం పంపించారు.

అప్పుడు ఎవరో చెబితే రైల్వే షెడ్డులో ఇంజన్లు చూసే ఫిట్టరు ఒకతన్ని ఆదివారం పిలిపించారు. అతను బండి ఎక్కి ఒక్క చుట్టు తిరిగి, దిగి, చేతులు తుడుచుకుంటూ, "కిందున్న బేరింగు పోయింది. ఇలాగే నడిపితే ఇంజనే పగిలిపోద్ది" అన్నాడు. ఆ ఆదివారమే ఇంజను అడుగు విప్పారు. మా పెరటి నిండా ఇనుప సామాను. నేను వడియాలు ఎండబెట్టుకునే నులకమంచం మీద కిరసనాయిల్లో కడిగిన ముక్కలు ఆరబెట్టారు. అత్తగారు తులసికోటకు నీళ్లు పోయడానికి వెళ్లాలంటే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ ముక్కల మధ్య నుంచి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఒక మాట, వచ్చేటప్పుడు ఒక మాట అనేది.

ఫిట్టరుకు ఆదివారాలే ఖాళీ. వానలు మొదలయ్యాక గాని బండి మళ్లీ ఒకటి కాలేదు. ఆ రోజు ఆయన నన్ను, అత్తగారిని ఎక్కించుకుని స్టేషను దారి పట్టారు. మలుపు తిరిగి, కాస్త ఎత్తు మొదలయ్యేసరికి టక టక టక. ఆయన బండి ఆపేశారు. దిగి, రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. సన్నగా జల్లు పడుతోంది. తడుస్తూనే కూర్చున్నారు. నేను దిగి పక్కన నిలబడితే, "అందరూ సెప్పేవోళ్లే. ఒక్కడికీ తెలీదు" అన్నారు. అంతవరకు ఆ టకటక మీద నాకున్న విసుగు ఆ పూట ఆయన మీద జాలిగా మారింది. ఎక్కువ రోజులు నిలవలేదు లెండి.

వానాకాలం వచ్చాక నా బాధ మొదలైంది. వానకు తెరలు తగిలించి బండిలో వెనక కూర్చుంటే నాకు తలపోటు వచ్చేది. కళ్లు మండేవి. దిగపహండిలో బంధువుల ఇంటికి వెళ్తూ దారిలో కడుపులో తిప్పి, బండి ఆపించి వాంతి చేసుకున్నాను. పక్కన అత్తగారు ఉంది. ఆవిడ నా వీపు రాస్తూ, నీళ్లు ఇచ్చి, నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఏళ్ల తరబడి ప్రతి నెలా నేను బయట కూర్చున్న రోజున ఆ చూపే ఆరిపోయేది.

"అమ్మీ, ఈ నెల నువ్వు దూరం కూకోనేదు కదూ?"

కూర్చోలేదు. నాకూ ఆ సంగతి తెలుసు. కాని నాకు అప్పుడప్పుడూ అలా ఆలస్యం కావడం మామూలే.

"పొగ వాసన, అత్తా. ఇంజను పొగ లోపలికొస్తంది. అందుకే తిప్పింది" అన్నాను.

"పొగ నాకు రాలేదే? కడుపుతో ఉన్నోలకే వాసనలు పడవు. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నాకు పోపు వాసన పడేది కాదు."

ఇంటికి వచ్చాక ఆయనతో అన్నాను. బండిలో పొగ వాసన వస్తోందని, చప్పుడు వచ్చినప్పుడే వాసన కూడా వస్తోందని నాకు అనుమానంగా ఉందని చెప్పాను. ఆయన ఇంజను మీద వంచిన తల ఎత్తకుండానే, "మోటారుకి పొగ వాసన రాక పన్నీరు వాసనొస్తాదా? తలనొప్పి నాకూ ఉంది. ఆ సద్దు వింటే ఎవరికైనా వస్తాది" అన్నారు.

అక్కడి నుంచి నేనేం చెప్పినా రెండే అర్థాలు. ఆయనకు చెబితే అది ఇంజను తెలియని మనిషి మాట. అత్తగారికి చెబితే అది కడుపుతో ఉన్న మనిషి మాట. తలనొప్పి అంటే వేవిళ్లు. అన్నం సయించడం లేదంటే వేవిళ్లు. విసుక్కుంటే, "ఈ రోజుల్లో అలాగే ఉంటాది" అని ఆవిడ ముసిముసిగా నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది. మండినా వేవిళ్లే.

ఒడియా వీధి నుంచి మంత్రసానిని పిలిపించారు. ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టి, కనురెప్పలు విప్పి చూసి, అత్తగారితో ఒడియాలో, "రహ మా, దేఖిబా" అంది. ఆగు, చూద్దాం అనడమే తప్ప అందులో అవుననడం లేదు, కాదనడం లేదు. అత్తగారికి మాత్రం అవునన్నట్టే వినిపించింది. నన్ను బరువు ఎత్తనివ్వలేదు. బావి దగ్గరికి వెళ్లనివ్వలేదు. మోటారు ఎక్కడం పూర్తిగా మాన్పించేసింది. మోటారు ఎక్కకపోయేసరికి తలనొప్పీ వాంతులూ నాకు వారంలో తగ్గిపోయాయి. అదే చెప్పాను. "కుదుపు నేకపోతే తగ్గక ఏటి?" అంది ఆవిడ. ఏం చెబుతాం.

నిజం చెప్పాలంటే, నాకూ లోపల ఏదో ఒక మూల ఆశ మొదలైంది. పొద్దున లేవగానే ఒక క్షణం ఊపిరి బిగబట్టి, ఏమీ కాలేదని తెలిశాక వదిలేదాన్ని. రోజు గడిచిన కొద్దీ ఆ క్షణం పొడుగైంది. పొగే కారణమని నాకు బాగా అనిపిస్తున్నా, కాకపోతే ఎంత బాగుంటుందో అనుకునేదాన్ని. రెండూ ఒకే తలలో పెట్టుకుని తిరగడం కష్టం. ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఇంతలో చికిటి నుంచి కబురు వచ్చింది. అక్కడ మా పుట్టింట్లో అమ్మకు జ్వరం, ఒకటే కలవరిస్తోందని. చికిటి వరకు ఎడ్లబండి మీద ఆ వానలో వెళ్లడం కుదరదు. అత్తగారు చాలా సేపు ఆలోచించి ఒప్పుకుంది. వెనక సీటు మీద రెండు పరుపులు వేసి, దిండు పెట్టి, "మెల్లగా నడుపు. గతుకుల్లో ఆపి ఆపి ఎల్లు" అని కొడుక్కి పదిసార్లు చెప్పింది.

ఊరు దాటగానే వాన పెద్దదైంది. తెరలన్నీ బిగించేశాం. నేను వెనక పడుకుని, ఈసారి చెవి ఇంజను మీదే పెట్టాను. దారి చదునుగా ఉన్నంతసేపు చప్పుడు లేదు, వాసన లేదు. కొండ పక్కన ఎత్తు మొదలైంది. ఆయన మీట నొక్కారు. టక టక టక. నాలుగు గుక్కల ఊపిరి తీసుకునేలోగా కళ్లు మండడం మొదలైంది. ఎత్తు అయిపోయి బండి దిగుతుంటే చప్పుడు ఆగింది. కాసేపటికి మంట కూడా తగ్గింది. ఇంకో ఎత్తు వచ్చింది. మళ్లీ అదే.

"బండి ఆపండి" అన్నాను.

"వాంతొస్తందా?"

"రాదు. ఆపండి. ఆ సద్దూ ఈ పొగా ఒకటే. ఎక్కడో పొగ బయటికి తన్నుకొస్తంది. అదే టకటకలాడతంది."

ఆయన ఆపలేదు. "బేరింగు సద్దు వేరు, పొగ వేరు. నువ్వు పడుకో" అన్నారు.

"బేరింగు మార్చారు కదా. మార్చినా పోలేదు కదా."

ఆయన ఇంకా గట్టిగా మీట నొక్కారు, కోపంతో. టకటక కూడా గట్టిగా వచ్చింది. చికిటి చేరేలోగా మళ్లీ వాంతి అయింది. మా ఇంటి గుమ్మంలో దిగేసరికి నిలబడలేకపోయాను. అమ్మ జ్వరంలోనే మంచం మీద లేచి కూర్చుని, నా మొహం చూసి, ఆయనను చూసి, నా రెండు చెంపలూ చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు కాలిపోతున్నాయి. ఆవిడకూ అదే ఆశ. నాకు ఏడుపొచ్చింది. అందరూ సంతోషపడుతుంటే నాకొక్కదానికే అది పొగ అని తెలియడం ఏం కర్మ అనిపించింది.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. అమ్మ జ్వరం కొంచెం దిగి నిద్రపోయింది. ఆయన ఊళ్లోకి వెళ్లారు. నేను బండి ముందు తలుపు తీసి, కాళ్ల దగ్గర పరిచిన చాప ఎత్తి చూశాను. మీటలు కిందికి దిగే కంతల చుట్టూ చెక్క నల్లగా మసిపట్టి ఉంది. వేలితో రాస్తే వేలు నల్లబడింది. ఆయన రాగానే ఆ వేలు చూపించాను.

"నూనె మసి కూడా ఇలాగే ఉంటాది" అన్నారు. కాని ఈసారి గొంతులో ముందరి ధీమా లేదు.

"రేపు పొద్దున ఇంజను సల్లగా ఉంటాది కదా, అప్పుడు సద్దు బాగా వస్తాది. బండి నిలబెట్టి ఇంజను లేపి మీట నొక్కండి. నేను సూస్తాను."

"ఏటి సూస్తావు? గాలి కనపడతాదా?"

అదే నేనూ రాత్రంతా ఆలోచించాను. గాలి కనపడదు. గాలికి ఎగిరేది ఏదైనా ఉంటే కనపడుతుంది. పొద్దున అమ్మ ముగ్గుడబ్బాలోంచి మెత్తటి బియ్యప్పిండి తీసి, పల్చటి గుడ్డలో మూట కట్టాను. ఆయన ఆ మూట చూసి సరేనన్నారు. విసిగిపోయిన మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. పైగా ఒక మంచి మాట చెప్పారు కూడా: ముందున్న పంకా తిరిగితే పిండి ఎటో ఎగిరిపోతుందని, కాసేపు దాని బెల్టు తీసేస్తానని. తీసేశారు. హ్యాండిలు తిప్పి ఇంజను లేపారు. ఇంజను మీద మూతలా ఉండే రేకు ఒక పక్క ఎత్తి, నేను కొంగు బిగించి వంగాను.

ఇంజను పక్కన, సిలిండర్ల నుంచి వచ్చే పొగను పోగుచేసి కిందికి పంపే లావుపాటి ఇనుప గొట్టం ఒకటుంటుంది. అది ఇంజనుకు అతుక్కున్న చోట్ల వరసగా మూట మెల్లగా తట్టాను. మొదటి అతుకు మీద పిండి నిదానంగా రాలి ఇనుము మీద పడింది. రెండో దాని మీదా అంతే. ఆయన మీట నొక్కుతూ వదులుతూ ఉన్నారు. చిట్టచివర, డ్రైవరు కాళ్ల వైపున్న అతుకు దగ్గర మూట తట్టగానే పిండి కింద పడనే లేదు. టక్కుమన్నప్పుడల్లా ఒక్కో చిన్న తెల్లటి మేఘంలా ఎగిరి నా మొహం మీదకు వచ్చింది. టక్కు, ఒక మేఘం. టక్కు, ఇంకో మేఘం.

నేను పిలవకుండానే ఆయన దిగి వచ్చారు. మూట నా చేతిలోంచి తీసుకుని తనే తట్టారు. ఇంకోసారి తట్టారు. ఇంజను ఆపేసి, ఆ మూలకు చెయ్యి దూర్చి, లోపల తడిమారు. అక్కడి నట్టు ఒకటి వేళ్లకే తిరిగిపోతోంది. అది కంటికి కనపడే చోటు కాదు. ఇంతమంది మేస్త్రీలు వచ్చినా అంతవరకు ఎవరి చెయ్యీ పోలేదు.

ఆయన నవ్వారు. ఎన్ని నెలల తర్వాతో. నా మొహం మీద పిండి చూసి ఇంకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చెప్పింది నిజమైందన్న సంతోషం అది, దాపరికం ఏముంది.

బావి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆ సంతోషం ఎటో పోయింది. పొగే అయితే వాంతులు దానివే. తలనొప్పి దానిదే. మిగిలింది నెల ఆలస్యం ఒక్కటి. అది ఇంతకు ముందూ అయిందే. నీళ్లు చల్లగా ఉన్నాయి. చాలాసేపు మొహం కడుక్కున్నాను. ఆయన వచ్చి, నట్టు బిగించానని, అతుకు సందున ఉండే ప్యాకింగు కాలిపోయి ఉంటుందని, బరంపురంలో మార్చాలని గడగడా చెప్పుకుపోతున్నారు. చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగారు. ఆయనకూ అప్పుడే తట్టింది. చేతిలో రెంచి అటూ ఇటూ తిప్పారు. "ఇంట్లోకెల్దామా?" అని మాత్రం అడిగారు.

అమ్మకు జ్వరం పూర్తిగా విడిచాక, రెండు రోజులు పోయాక బయల్దేరాం. దారిలో వాన. నట్టు బిగించినా చప్పుడు సగమే తగ్గింది. నేను తెరలు తగిలించనివ్వలేదు. వెనక సీట్లో ఒక పక్క పూర్తిగా తడిసిపోతూ కూర్చున్నాను.

"తడిసిపోతావు. జ్వరమొస్తాది. తెరేసుకో."

"వద్దు."

బరంపురం చేరేదాకా ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. తిప్పితే బాగుండునని రెండు మూడుసార్లు అనిపించింది.

ఇంటికి రాగానే, ఆయన నోరు విప్పకముందే నేనే అత్తగారితో చెప్పాను. పొగ ఎక్కణ్నుంచి వస్తోందో దొరికిందని, నాకు తిప్పింది దానివల్లేనని, ఆశ పెట్టుకోవద్దని. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. "అలాటి మాట అనకూడదు. నోరు కడుక్కో" అంది. అంతే. మళ్లీ చేట తీసుకుంది. నేను నిలబడే ఉన్నాను. ఒక ఇనుప గొట్టానికి పిండి పట్టి రుజువు చూపించగలిగాను గాని, ఈ ఇంట్లో నా ఒంటి సంగతి నేను చెబితే ఎవరూ వినలేదు.

కాలిపోయిన ప్యాకింగు బరంపురంలో దొరకలేదు. మద్రాసు నుంచి తెప్పించాలంటే ఎన్నాళ్లో. ఆయన ఒక బియ్యం మిల్లులో బాయిలరుకు వాడే, నిప్పుకు కాలని రాతినార రేకు ముక్క సంపాదించి, పాతదాన్ని దాని మీద పెట్టి గీసి, నా కత్తెరతో కత్తిరించారు. మొదటిది కంతల దగ్గర చిరిగింది. రెండోది సరిపోలేదు. మూడోది కుదిరింది. నా కత్తెరకు ఆ తర్వాత జాకెట్టు గుడ్డ కూడా తెగలేదు. గొట్టం విప్పి, కొత్తది పెట్టి, నట్లన్నీ కొత్తవి వేసి, వరుసగా కొంచెం కొంచెంగా బిగించారు. ఈసారి ఏ మేస్త్రీనీ పిలవలేదు.

బండి బాగైందో లేదో చూడడానికి సోనేపూర్ సముద్రం దాకా వెళ్దామన్నారు. అత్తగారు, "నేనూ వస్తాను" అంది. మోటారు వాసన చూస్తేనే ముక్కు మూసుకునే మనిషి. నా పక్కన కూర్చుంది. తెరలన్నీ తానే దగ్గరుండి బిగించింది. ఆకాశంలో మబ్బు లేదు, వాన లేదు. ఎందుకు బిగించిందో నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమై ఉంటుంది.

బండి నిశ్శబ్దంగా పోయింది. ఎత్తుల మీద ఆయన కావాలని గట్టిగా నొక్కారు. చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన మెడ వెనక నుంచి చూసినా తెలుస్తోంది, ఎంత పొంగిపోతున్నారో. అత్తగారు రోడ్డు చూడడం లేదు. నన్నే చూస్తోంది. ప్రతి ఎత్తులోనూ నా చెయ్యి పట్టుకుంటోంది.

"తిప్పతందా అమ్మీ?"

"నేదత్తా."

కొంచెం దూరం పోయాక మళ్లీ అడిగింది. నేను మళ్లీ లేదన్నాను. మూడోసారి అడగలేదు. చెయ్యి వదిలేసి, ఆ పక్క అభ్రకం కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది. సోనేపూర్‌లో ఇసుక మీద చేపలు ఆరబోసుకునే వాళ్లను చూస్తూ కాసేపు నిలబడ్డాం. ఆయన రెండు సార్లు, "సద్దు పూర్తిగా పోయింది" అన్నారు.

ఆ వారంలోనే నేను బయట కూర్చున్నాను. అత్తగారు పెరటి గుమ్మం దగ్గరకు వచ్చి చూసి, లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆవిడ వంట చేసింది గాని తినలేదు. సాయంత్రం కొడుకు దుకాణం కట్టి వస్తే, నాకు వినపడేలాగే అంది, "నీ మోటారు నాకు మనవణ్ణి సూపించి లాక్కుపోయింది. ఇంక నన్ను దాంట్లో ఎక్కమనకు." చివరి వరకు ఆవిడ ఆ బండి ఎక్కలేదు. ఛత్రపురం వెళ్లాలన్నా రైల్లోనే వెళ్లేది.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆవిడ ఏం పోగొట్టుకుందో ఇంట్లో అందరికీ తెలుసు. నేనేం పోగొట్టుకున్నానో అడిగిన వాళ్లు లేరు. ముందే చెప్పింది నేనే కదా, నాకు బాధేమిటని అనుకున్నారు కాబోలు. ముందే తెలిసినంత మాత్రాన తక్కువ నొప్పి పుడుతుందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. చాలా ఏళ్ల తర్వాత మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పుడు నాకు ఒక్క వాంతి కాలేదు. అత్తగారు ఐదో నెల దాకా నమ్మలేదు.

ఇక మా ఆయన. ఆ పిండి కథ ఆయనకు ఎంత ప్రీతిపాత్రమైందంటే, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. మొదట్లో, "మా ఇంట్లో ఆవిడ కనిపెట్టింది" అనేవారు. కొన్నాళ్లకు, "మేం ఒక ఉపాయం చేశాం" అయింది. ఆ తర్వాత ఒక రోజు తలుపు చాటున నేను చీరలు మడతపెడుతుంటే, ఆస్కా నుంచి వచ్చిన ఒక వ్యాపారికి ఆయన చెబుతున్నారు: "నాకు అనుమానమొచ్చింది. గాలి కనపడదు కదా. అందుకని పిండి తీసుకుని..."

నేను చీర కింద పెట్టి దుకాణంలోకి వెళ్లాను. బయటివాళ్లు ఉండగా ఆడవాళ్లం అలా వెళ్లే వాళ్లం కాదు. వ్యాపారి తల వంచుకున్నాడు.

"ఏటి కావాలి?" అన్నారు ఆయన, కంగారుగా.

"ఏమీ లేదు. మీరు సెప్పండి. నేనూ వింటాను" అన్నాను.

ఆయన ఆగి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు, చికిటి దారిలో బండి ఆపమని నేను అడిగిన చోటు నుంచి. బండి ఆపలేదన్న మాట కూడా చెప్పారు. నేను గుమ్మాన్ని ఆనుకుని, అంతా అయ్యేదాకా నిలబడి విన్నాను.